ఆకుపచ్చ సిరా

కుక్కపిల్లను ఇచ్చే ముందు జయమణి పదకొండు ప్రశ్నలు అడుగుతుంది.

జవాబులు నోటుపుస్తకంలో రాసుకుంటుంది. నోటుపుస్తకమైనా, పిల్లతో పాటు పంపే టీకాల పుస్తకమైనా ఆమె రాసేది ఆకుపచ్చ సిరాతోనే. హెడ్‌మిస్ట్రెస్‌గా పనిచేసిన నాటి అలవాటు.

నాంపల్లి సందులో ఆమెది చిన్న ఇల్లు. భర్త హెర్బర్ట్ పోయాక ఆ ఇంట్లో ఉన్నది ఆమె, గోల్డెన్ రిట్రీవర్ జాతి కుక్క రూబీ. ఈసారి రూబీకి ఏడు పిల్లలు. ఆరు వెళ్లిపోయాయి. ఒకటే మిగిలింది.

ఆ సాయంత్రం గేటు దగ్గర ఒక మనిషి నిలబడ్డాడు. అరవై దాటిన వయసు, నలిగిన చొక్కా, చేతిలో గుడ్డసంచి.

"నమస్తే అమ్మా. నా పేరు అంజయ్య. కుక్క సంగతి జర మాట్లాడుదామని వచ్చిన."

"కూసోండి. ముందు నేను అడుగుత. తర్వాత మీరు."

అతను కుర్చీ అంచున కూర్చుని సంచి ఒళ్లో పెట్టుకున్నాడు. రూబీ వచ్చి అతని చెప్పులు, ప్యాంటు అంచులు చాలాసేపు వాసన చూసింది.

"ఏం పని చేస్తరు?"

"పాత పుస్తకాలు అమ్ముత. ఆదివారం అబిడ్స్‌ల, ఫుట్‌పాత్ మీద."

"ఇల్లు సొంతమా?"

"కిరాయి. ఒక్కటే అర్ర."

"ఇంట్ల ఎవరెవరుంటరు?"

"నేనొక్కన్నే."

"మీకేమన్న అయితే కుక్కను ఎవరు చూస్తరు?"

అంజయ్య నవ్వాడు. "గదే అమ్మా, నాకు గూడ గదే ఫికరు."

ఆమె నవ్వలేదు. రాసుకుంది.

"ఆరోగ్యం?"

"గుండెకు ఆపరేషన్ చెయ్యాలన్నరు. వచ్చే నెల."

కలం ఆగింది. "ఆపరేషన్ పెట్టుకొని కుక్కపిల్ల కావాల్నా మీకు?"

"పిల్ల గాదమ్మా, నేను చెప్పేది ఏందంటే..."

"ఆగండి. ఇంక ప్రశ్నలున్నయి. ఇంతకుముందు కుక్కను పెంచిన్రా?"

"ఇప్పుడు గూడ ఉంది. ముసల్దయింది. దాని గురించే..." అంటూ సంచిలోకి చెయ్యి పెట్టాడు.

జయమణి కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

"ముసల్దయిందని దాన్ని వదిలించుకొని, ఆడుకోనీకి కొత్తది తెచ్చుకుంటరు. ఎంతమందిని చూడలేదు నేను!"

అతను ఏదో అనబోయాడు. ఆమె అననివ్వలేదు.

"రూబీ తల్లి డైసీ కాలం నుంచి ముప్పై ఒక్క పిల్లలను ఇచ్చిన. ఒక్కటంటే ఒక్కటి రోడ్డు మీద పడలేదు. నాకు పిల్లలు లేరు. ఆయన పోయినంక, ఆ ఇండ్లన్నీ ఒక్కోటి తలుచుకుంట దినాలు ఎల్లదీసిన. ఈ జన్మల నేను తప్పు లేకుంట చేసిన పని గదొక్కటే."

పరాయివాడి ముందు అంత చెప్పుకున్నందుకు ఆమెకు తన మీద తనకే కోపం వచ్చింది.

సంచిలోని చెయ్యి అక్కడే ఆగిపోయింది.

అంజయ్య ఆమె ముఖంలోకి చూశాడు. కాసేపటికి చెయ్యి ఖాళీగా బయటికి వచ్చింది. సంచి మూతిని రెండు మడతలు వేసి గట్టిగా పట్టుకున్నాడు.

"ఏదో చెప్పబోయిన్రు?"

"ఏం లేదమ్మా. మీరు మంచిగ అడుగుతున్నరు. గిట్లనే అడగాలె."

"మీకు పిల్లనియ్యను."

"ఇయ్యకండి," అన్నాడు.

ఆ మాటలో నిష్ఠూరం లేదు. బరువు దించుకున్నవాడిలా లేచి, రూబీ తల ఒకసారి నిమిరి వెళ్లిపోయాడు.

జయమణి అతని పేరు మీద అడ్డగీత కొట్టి, పక్కన 'వదిలేసే రకం' అని రాసింది. అయినా మనసు కుదుటపడలేదు. అతను కోప్పడి ఉంటే ఆ పూటకే మరిచిపోయేది.

పదకొండు ప్రశ్నలకూ సరైన జవాబులు చెప్పిన ఖైరతాబాద్ దంపతులు ఆ వారంలోనే చివరి పిల్లను తీసుకెళ్లారు.

నెలన్నర తర్వాత గేటు ముందు ఆటో ఆగింది. ఒక నడివయసు ఆడమనిషి తాడు పట్టుకుని దిగింది. తాడు చివర తేనె రంగు ముసలి కుక్క. ముఖమంతా నెరిసిపోయింది.

"నా పేరు వసుమతి. అంజయ్య మా ఇంట్లనే కిరాయికి ఉండె. ఆపరేషన్ల పోయిండమ్మా."

జయమణి గేటు తీసింది.

"దవాఖానకు పోయేముందు నాకు చెప్పిండు. 'నాకేమన్నయితే దీన్ని నాంపల్లి టీచరమ్మకే ఇయ్యి. ఆమె నన్నే వద్దన్నది, గంత మంచిగ చూసుకుంటది' అని ఒకటే నవ్వుడు."

"ఎన్నేండ్లాయె ఆయన దీన్ని కొని?"

"కొన్నదెక్కడిదమ్మా! ఆరేండ్ల కింద స్టేషన్ బయట ఎవరో మెడకు ఒక ప్లాస్టిక్ కవరు తగిలిచ్చి కట్టేసి పోయిన్రు. రెండు దినాలు రైలు దిగినోళ్ల మొఖాలు చూసుకుంట కూసున్నదట. గాయన ఇంటికి తెచ్చుకున్నడు. ఆదివారం పుస్తకాల పక్కన ఇదే పండుకుంటుండె."

ఈలోగా ముసలి కుక్క తాడు లాక్కుని లోపలికి నడిచింది. ఎవరూ దారి చూపలేదు. రూబీ ఈనే చోటికి, మెట్ల కింది మూలకు వెళ్లి, మూడుసార్లు తిరిగి పడుకుంది.



వసుమతి గుడ్డసంచి అందించింది.

"కుక్కను ఇయ్యి గని, సంచి మాత్రం ఆమెకు చూపియ్యకు అన్నడు. ఎందుకో ఏమో. దీని మందులన్నీ సంచిలనే ఉన్నయి, ఇయ్యకుంటె ఎట్ల?"

మందుల కింద, ప్లాస్టిక్ కవరులో, అంచులు నలిగిన టీకాల పుస్తకం ఉంది.

జయమణి తెరిచింది.

మొదటి పేజీలో 'తల్లి: డైసీ' అని, దాని కింద ఇచ్చినవారి పేరు, నాంపల్లి చిరునామా, ఆకుపచ్చ సిరాతో, తన చేతిరాతలోనే ఉన్నాయి.