మెడలో తాళంచెవి

కుట్టుమిషన్ల షెడ్డు రెండోసారి అంటుకుంది. ఈసారి యజమాని మెడ, ఛాతీ కాలాయి.

అంబులెన్సులో నర్సు కాలినచోట నీళ్లు పోసి చల్లార్చింది. శుభ్రమైన పొడి దుప్పటి కప్పి, అతని మెడగొలుసు మీద చెయ్యి వేసింది. అతను దాన్ని పిడికిట్లో బిగించాడు.

“తీయకమ్మా. వెనక తలుపు తాళంచెవి అది. ఎవరి చేతికీ ఇవ్వను.”

“వాపొస్తే గొలుసు గొంతుకు బిగుసుకుంటుందండీ. మొండికేయకండి.”

ఓపిగ్గా అతని వేళ్లు విడదీసి గొలుసు కత్తిరించింది. తాళంచెవిని కవరులో భద్రపరిచి, ఆక్సిజన్ పెట్టింది.

“బతుకుతానా తల్లీ?”

“మిమ్మల్ని అంత తేలిగ్గా పోనిస్తానా? పోయినేడు మా చెల్లి ఆ తలుపు వెనకే కాలిపోయింది. తలుపుకి అసలు తాళమే లేదని కోర్టులో మీరే చెప్పారు.”

అతను కళ్లు మూసుకున్నాడు. ఆమె దుప్పటి సరిచేసింది.

“నిద్రపోకండి. ఆ మాట ఇంకోసారి చెప్పాలిగా.”