నదులు పుట్టే చోటు

“నైలు?” పరుపుచుట్టకు తాడు బిగిస్తూనే అడిగింది కాంతం.

“విక్టోరియా సరస్సు.”

“ఓల్గా?”

“వాల్డాయ్ కొండలు. అమ్మా, ఇవన్నీ నాకు వచ్చు!”

గుమ్మంలో పాలు కొలుస్తున్న దేముడమ్మ చెయ్యి ఆగింది. పద్మనాభం ఊరి నుంచి తొలి బస్సెక్కి పోర్టు క్వార్టర్లకు పాలు తేవడం ఆమెకు పద్నాలుగేళ్ళ అలవాటు. ఎన్ని వాడికలున్నా ముందు ఈ గడపే తొక్కేది. ఇవాళ్టితో అదీ సరి. ఇంటాయన భీమశంకరరావుకు బొంబాయి ఓడల కంపెనీలో ఉద్యోగమైంది. మధ్యాహ్నమే రైలు.

“ఏటమ్మా తవిటమ్మా, ఏటా సదువు?”

“ఏ నది ఎక్కడ పుట్టిందో చెప్పాలి. పరీక్ష పెడితే గానీ బొంబాయి బళ్ళో చేర్చుకోరట. నీకు పిల్లలుంటే తెలిసేది దేముడమ్మా, ఈ బాధ!” అంది పిల్ల.

“ఆ పుట్టిన సోటికి ఎవులైనా ఎల్తారేటి?”

“ఎందుకెళ్తారు? అక్కడేముంది, చిన్న ఊట. ఊళ్ళూ పంటలూ అన్నీ కిందే.”

“పోనీ, ఆ నీరు ఓపాలైనా ఎనక్కి తిరిగి సూడదా?”

పిల్ల పకపకా నవ్వింది. “నీళ్ళకు కళ్ళుంటాయా? నువ్వు ఫెయిల్!”

దేముడమ్మ కూడా నవ్వింది.

“ఇంక నన్ను తవిటమ్మా అని పిలవకు. కొత్త బళ్ళో గంగాభవాని అని రాయిస్తానన్నారు నాన్న. తవుడేంటీ, పేరేంటీ!”

“తప్పే, అలా అనకూడదు,” కాంతం కసిరింది. “నీకు ముందు ముగ్గురు పురిట్లోనే పోయారు. నువ్వైనా దక్కాలని, దేముడమ్మ చేటెడు తవుడిచ్చి నిన్ను కొన్నట్టు కొని, మళ్ళీ నా ఒళ్ళో పెట్టింది. అందుకే ఆ పేరు.”

“తెలుసులే. వందసార్లు చెప్పావు.”

కాంతం పెట్టె మీంచి కొత్త చీర తీసి దేముడమ్మ చేతిలో పెట్టబోయింది. ఆమె తీసుకోలేదు.

“కోకొద్దమ్మగారూ. పిల్లకి ఓపాలి జడేత్తాను.”

కాంతం చీర పక్కన పెట్టి దువ్వెన ఇచ్చింది.

దేముడమ్మ పాయ మీద పాయ వేసి అల్లింది. సగందాకా అల్లి, బాగా రాలేదని విప్పి, మళ్ళీ మొదలుపెట్టింది.

“ఎంతసేపు దేముడమ్మా! రైలెళ్ళిపోతుంది.”

“అయిపోనాది తల్లీ, అయిపోనాది.”

రిక్షాలు వచ్చాయి. సామాన్లు ఎక్కాయి. గంగాభవాని ఒకసారి చెయ్యి ఊపి పుస్తకం తెరుచుకుంది. కాంతం మాత్రం మలుపు తిరిగేదాకా తల ఎత్తలేదు. ఖాళీ ఇంటి ముందు దేముడమ్మ దువ్వెనలో చిక్కుకున్న వెంట్రుకలు తీసి, వేలికి చుట్టుకుంటూ నిలబడిపోయింది.

పద్నాలుగేళ్ళ కిందట ఈ గుమ్మంలో ఆమె ఇచ్చింది తవుడు కాదు, బిడ్డను.