గ్రిడ్ లేని వాల్వు

ఏసోబు రేడియో దుకాణంలో ఇద్దరికి చోటు లేదు. దేవుణ్ణి తిట్టేవాడికి, తాగేవాడికి.

1946లో ఓ పొద్దున, పంజాగుట్టలోని ఆ దుకాణం మెట్టెక్కిన మనిషి కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి.

"నా పేరు ఓదెలు అన్నా. అమీర్‌పేటల ఉంట. రేడియో పని తెలుసు. జర పనిల పెట్టుకోరాదు? ఇంట్ల పొయ్యి ముట్టియ్యక రెండు దినాలైంది."

ఏసోబు ముక్కు ఎగబీల్చాడు. వాసనేమీ రాలేదు. అయితేనేం, ఆ కళ్ళు చాలవూ!

"ఏడ పనిజేసినవ్?"

ఓదెలు గుడ్డమూట విప్పాడు. రాగి దిమ్మె, దానికో గాజు మూతి, పక్కనే గుర్రపు లాడం లాంటి అయస్కాంతం.

"యుద్ధంల ఓడ మీద. గీ వాల్వుతోనే. ఖరాబైందని పారేస్తుంటే తెచ్చుకున్న."

"గ్రిడ్ ఏది? కరెంటును ఆపే తీగెల జల్లెడ లేంది గిదేం వాల్వు?"

"దీనికి గ్రిడ్ ఉండదన్నా. అయస్కాంతమే కరెంటును గిరగిర తిప్పుతది. గట్ల తిరిగితేనే, పొగమంచుల సుత దూరమున్న ఓడ తెర మీద కనవడుతది."

పదేళ్ళుగా రేడియోలు బాగుచేస్తున్నవాడికి ఈ కథలా! ఏసోబు పకపకా నవ్వాడు.

"తాగినోనికి హుస్సేన్‌సాగర్ల సుత ఓడలు కనవడతయి!"

దుకాణానికొచ్చిన గిరాకీలూ నవ్వారు.

"నేను తాగనన్నా. జర ఇంకో మాట..."

"ఏమొద్దు. అద్దంల నీ కండ్లు జూస్కో పో. నడువ్!"

ఓదెలు వాల్వు మూటగట్టుకుని దిగిపోయాడు. అయస్కాంతం బల్ల మీదే మరిచాడు. కింద పడ్డ మరలు ఏరడానికి ఏసోబుకు అది భలే పనికొచ్చింది.

నెల తర్వాత, నౌకాదళంలో ఉన్న కొడుకు దయారత్నం సెలవు మీద వచ్చాడు. బల్ల మీది అయస్కాంతం చూడగానే వాడి మొహం వెలిగింది.

"నాయినా, ఓదెలన్న వచ్చిండా! నేనే నీ తానకు పొమ్మన్న. పనిల పెట్టుకున్నవ్ గదా?"

ఏసోబు తలెత్తకుండా జరిగింది చెప్పాడు.

"నా పేరు చెప్పలేదా?"

"చెప్పనిస్తె గద."

దయారత్నం అమీర్‌పేటకు ఉరికాడు. సాయంత్రానికి ఒక్కడే తిరిగొచ్చాడు.

"ఇల్లు ఖాళీజేసి పోయిండట. యాడికో ఎవ్వలకు తెల్వది."

ఏసోబు అడగలేక అడిగాడు.

"ఆయన కండ్లు గట్లెందుకున్నయి బిడ్డా?"

"గా ఎరుపు యుద్ధమప్పటిసంది పోలే. మూడు దినాలు పొగమంచుల రెప్ప వాల్చకుంట రాడార్ తెర జూసి, మునగవలసిన మా ఓడను ఒడ్డుకు జేర్చిన కండ్లు నాయినా అవి."