పేరు మీద పాలడబ్బా

“పేరేది?” అంది ఆమె, గుమ్మంలో అడుగు పెడుతూనే.

అంపొన్సా కంప్యూటరు మీంచి తలెత్తాడు. ఘనాలోని కుమాసి ఊళ్లో ఫ్లెక్సీలు వేయించాలంటే ఎవరైనా అతని దుకాణానికే రావాలి. అందుకని వచ్చినవాళ్లను కాసేపు నిలబెట్టడం అతనికి అలవాటు. ఈ మనిషికి నలభై దాటి ఉంటాయి. చేతిసంచీ, ఒంటినిండా బస్సు దుమ్ము. వేలు మాత్రం ఎదురుగా వేలాడుతున్న ఫ్లెక్సీ మీదే ఉంది.

ఫ్లెక్సీలో నాలుగేళ్ల పిల్ల పడీపడీ నవ్వుతోంది. వెనకాల కోడిపుంజు బొమ్మ వేసిన చేపల పడవ. కింద పాలపొడి డబ్బా. ఊళ్లో ఏ కూడలిలో చూసినా ఆ నవ్వే.

“ఏ పేరక్కా?”

“నాది. అరబా బెంట్సిల్, సెకోండి. ఆ ఫోటో నా బ్లాగులోది.”

పరిహారం, కోర్టు, వకీలు అన్నీ అంపొన్సా కళ్లముందు తిరిగాయి. “నెట్‌లో ఊరికే దొరికింది. ఎవరైనా వాడుకోవచ్చని నువ్వే రాశావు కదా?”

“రాశాను. వాడుకోండి, అచ్చేసుకోండి, అమ్ముకోండి, నాకు ఒక్క పెసెవా ఇవ్వక్కర్లేదన్నాను. కింద నా పేరూ ఊరూ ఉంచమన్నాను, అంతే.”

డబ్బు గొడవ కాదని తేలేసరికి అంపొన్సాకు ప్రాణం లేచొచ్చింది. ప్రాణంతో పాటు పొగరూ లేచింది.

“సరిగ్గా పేరున్న చోటే డబ్బా పెట్టాల్సొచ్చింది. కంపెనీవాళ్లు డబ్బిచ్చింది పాలకి గానీ నీ పేరుకి కాదుగా!”

మూల కూర్చుని ఫ్లెక్సీలకు కన్నాలు కొడుతున్న సెర్వా కిసుక్కున నవ్వింది. అంపొన్సా దగ్గర పనికి చేరిన నాటినుంచి అతని జోకులకు నవ్వడం కూడా ఆమె పనిలో భాగమే.

“క్యాలెండరు వాళ్లూ తీసేశారు,” అంది అరబా. “చర్చి కరపత్రం వాళ్లూ తీసేశారు. బడి పుస్తకంలో పేరుంచి ఊరు కొట్టేశారు. అందరి దగ్గరికీ వెళ్లి అడిగాను. కుమాసి మాత్రం రాబుద్ధి కాలేదు. పదేళ్ల కిందట ఇద్దరం సంతకి వచ్చిందే ఆఖరు.”

“ఒక్క ఫోటోకి ఇంత ఊరేగింపా! ఇంకోటి తీసుకోలేకపోయావా?”

“తర్వాత మళ్లీ తియ్యలేదు.”

“అంత పేరు పిచ్చి ఉన్నదానివి ధర పెట్టాల్సింది. ఊరికే వచ్చినదానికి విలువేముంటుంది?”

“ధర పెడితే ఎవరు ముట్టుకుంటారు తమ్ముడూ? గోడలెక్కాలనే ఊరికే ఇచ్చాను. ఏడుపు మొహాలు ఎవరూ అంటించరు. అంటించినా ఒక్క వానకి పోతాయి. నవ్వే మొహమైతే ఊరూరా తిరుగుతుంది.”

కీర్తి దాహం ఇంతగా ముదిరిన మనిషిని అంపొన్సా ఎప్పుడూ చూడలేదు. యాభై సెడీల నోటు తీసి బల్ల మీద పెట్టాడు. ఆమె కన్నెత్తి చూడలేదు. అతనికి ఒళ్లు మండింది.

“నువ్వు రెండోదానివిలే ఈ బొమ్మ కోసం రావడం.”

“అబ్బ, ఆ నీళ్ల ప్యాకెట్లమ్మే పిల్ల సంగతి చెప్పన్నా!” అంది సెర్వా, సుత్తి పక్కన పెట్టి.

“పద్నాలుగేళ్లుంటాయి. నెత్తిన బేసినుతో వచ్చి ‘ఆ బొమ్మలో ఉన్నది నేనే’ అంది. సాక్ష్యంగా బుగ్గ మీద గాటు చూపించింది. ఈ దేశంలో పసితనంలో బుగ్గన గాటు పెట్టని పిల్లెవరు? నాకూ ఉంది, చూడు. ఇక్కడంతా అకోసువా అంటారు గానీ నా అసలు పేరు ఎసీ అంది. ఆదివారం పుడితే ఇక్కడ అకోసువా, మీ సముద్రపొడ్డున ఎసీ. అదీ ఒక గుర్తేనా?”

“డబ్బులడిగిందా?” అంది అరబా. బల్ల మీదికి వంగింది. వాటాకి పోటీ వచ్చిందని భయపడుతోంది కాబోలు అనుకున్నాడతను.

“అడిగేలోపే గెంటేశాను. మర్నాడు మళ్లీ దిగింది. ఆ పడవ మాదే, ఫోటో తీసినవాళ్ల పేరొక్కటి చెప్పు చాలు అని ఒకటే నస. ఎవరిదీ కాదే, ఎవరో పారేసిన బొమ్మ అన్నాను.”

“పారేసిందన్నావా?”

“మరేమనాలి? ఫ్లెక్సీ కింద చతికిలబడి ఒకటే ఏడుపు, బోణీ వేళ! సెర్వా బకెట్టు నీళ్లు కుమ్మరిస్తే గానీ లేవలేదు.”

“రంగు కడిగిన నీళ్లు,” అని సర్దిచెప్పింది సెర్వా, మంచినీళ్లేవో వృథా చేశాననుకుంటారని.

అరబా గుమ్మం వైపు తిరిగింది. “ఇప్పుడెక్కడుంది?”

“దాని యజమానురాలు చెవి పట్టుకుని ఈడ్చుకుపోయింది. బేరాలు మానేసి బొమ్మ దగ్గరే కూర్చుంటోందని, సరిహద్దు దాటి అబిజాన్ వైపు ఎవరింట్లోనో పనికిచ్చేసిందట. కిందటి వారమే బస్సెక్కించారు. ఎవరిల్లో ఆవిడకే తెలీదు, మధ్యలో దళారి ఉన్నాడు. పీడా విరగడైంది. మీరిద్దరూ ఒక ముఠా కాదు కదా, ఏంటి?”

సెర్వా మళ్లీ నవ్వింది. అరబా ఫ్లెక్సీ దగ్గరికి వెళ్లి పాలడబ్బా మీద అరచెయ్యి ఆనించి నిలబడిపోయింది. బయట గిరాకీలు పోగవుతున్నారు. ఈమెను కదిలిస్తే గానీ పని సాగేలా లేదు.

“సరే అక్కా, నువ్వే గెలిచావు,” అన్నాడు అంపొన్సా మౌసు అందుకుని. “తర్వాతి విడతలో డబ్బా జరిపి పెద్ద అక్షరాలతో వేస్తాను. చెప్పు, ఏమని రాయను?”

“‘ఎసీ వాళ్లమ్మ’ అని రాయి.”