ఊరి పేరు

నలభై మూడో రోజున చూలిన్ కోట తలుపులు తెరుచుకున్నాయి. తెరవమన్నది తాన్ గురువే.

ముట్టడిలో ధాన్యం అయిపోయింది. జనం చెట్ల బెరడు ఉడకబెట్టుకుని తింటున్నారు. గురువుగారి శిష్యుడు లువాన్ పింగ్ ప్రాణాలకు తెగించి శత్రువుల శిబిరానికి వెళ్లి, ఒప్పందం రాయించుకొచ్చాడు. "చూలిన్ ప్రజల్లో ఒక్కరి మీదా చెయ్యి వెయ్యం" అని శత్రుమంత్రి షీ హెంగ్ ఎద్దు నెత్తురు పెదాలకు పూసుకుని ప్రమాణం చేశాడు.

అయినా జనం జంకారు. గురువు ఆ ఒప్పందం రాసిన వెదురు బద్దలను మూడుసార్లు చదివాడు. పేరుకూ వస్తువుకూ మధ్య వెంట్రుకవాసి సందు కూడా ఉండకూడదని యాభై ఏళ్లుగా పాఠం చెబుతున్న మనిషి ఆయన.

"ఎక్కడా మెలిక లేదు. తీయండి తలుపులు" అన్నాడు.

పొద్దెక్కేలోగా పడుచువాళ్లందరి మెడలకూ తాళ్లు పడ్డాయి. ఉత్తరాన సరిహద్దు గోడ కట్టే వెట్టికట. ఆ వరసలో గురువు కూతురు యావో కూడా ఉంది.

గురువు షీ హెంగ్ గుర్రానికి అడ్డంపడ్డాడు. "ప్రమాణం చేసిన నోరేనా అది?"

"అక్షరం తప్పలేదు స్వామీ" అన్నాడు మంత్రి మర్యాదగా. "చూలిన్ ప్రజల్ని ముట్టుకోం అన్నాం. ముట్టుకోలేదు. పొద్దున్నే ఈ ఊరికి యోంగాన్ అని పేరు పెట్టాం. చూలిన్ అనే ఊరే లేదిప్పుడు. లేని ఊరికి జనం ఎక్కణ్ణుంచి వస్తారు?"

"పేరు మారిస్తే మనిషి మారతాడా?"

"అది మీ బడిలో తేలాల్సిన సంగతి" అని మంత్రి గుర్రాన్ని పక్కకు తిప్పుకున్నాడు.

గురువు ఆ గుర్రం వెంట రెండడుగులు వేశాడు. అంతలో లువాన్ పింగ్ పరుగెత్తుకొచ్చి ఆయన పాదాల మీద పడ్డాడు.

"మోసపోయాను గురువుగారూ! నిలువునా మోసపోయాను!"

"మోసపోయింది నువ్వా, మేమా?" కుమ్మరి అవ్వ అరిచింది. "నా ఇద్దరు కొడుకుల్నీ గొడ్లను కట్టినట్టు కట్టారు కదరా!"

ఆమె రాయి తీసింది. ఆమెను చూసి ఇంకొందరు తీశారు. గురువు శిష్యుడి మీదికి వంగిపోయాడు. మొదటి రాయి ఆయన నుదుటికి తగిలింది.

"వాడేం చేశాడర్రా? చదివింది నేను. తెరవమన్నది నేను. కొడితే నన్ను కొట్టండి!"

చేతులు దిగిపోయాయి. అవ్వ రాయి పారేసి కూలబడి ఏడ్చింది.

గురువు తన అంగీ చేతితో శిష్యుడి కళ్లు తుడిచాడు. "ఊరుకోరా పింగ్. పన్నెండేళ్లు నా ఇంట్లో తిన్నవాడివి, నీ మనసు నాకు తెలీదూ? వాళ్లు మాట తప్పితే నువ్వేం చేస్తావు? లోపలికి పో."

లువాన్ పింగ్ తల వంచుకుని వెళ్లిపోయాడు.

నెత్తురు కళ్లలోకి కారుతుండగా గురువు తడుముకుంటూ కోట వాకిలి దగ్గరికి నడిచాడు. అక్కడి కావలివాణ్ణి అడిగాడు.

"బాబూ, ఈ ఊరికి కొత్తగా వచ్చే అధికారి ఎవరు? కాళ్లు పట్టుకునైనా నా కూతుర్ని విడిపించుకుంటాను."

కావలివాడు ఆయన్ను ఎగాదిగా చూశాడు.

"ఒప్పందం రాసిన నాడే ఖాయమైంది కదా తాతా, ఇందాక నువ్వు దెబ్బ తిని కాపాడావే, ఆయనే."