గరుకు వరస

“నున్నటి టైల్స్ మధ్య ఆ గరుకు వరస దేనికమ్మా? పట్టుచీరకి గోనె అతుకేసినట్టుంటుంది,” అన్నాడు మేస్త్రీ.

“ఉండనీ. నా గది గుమ్మం నుంచి వంటగది దాకా వెయ్యి,” అంది అత్తగారు.

కొత్త కోడలు పకపకా నవ్వింది. ఈ ఇంటికి తను ఎంచిన మొదటి రంగు ఈ టైల్స్‌దే. పొద్దున్నుంచీ ఆమె కాలు నేల మీద నిలవడంలేదు.

“రంగెలా ఉందో మీరు చెప్పనే లేదు అత్తయ్యా!”

అత్తగారు చెప్పు విడిచి, అప్పుడే పరిచిన టైలు మీద పాదం ఆనించింది. “తెలుపు ఎప్పుడూ బావుంటుందమ్మా.”

అది ముదురు నీలం.

మేస్త్రీ నోరు తెరవబోతే కోడలు కళ్లతోనే వారించింది. మొన్న కొట్లో ప్రతి టైలు మీదా అత్తగారు చెప్పులిప్పి నిలబడితే, “టైల్స్ కొంటున్నారా, జోళ్లా?” అని ఆటపట్టించింది తనే.

దగ్గరికెళ్లి చెయ్యి పట్టుకుంది. “ఎన్నాళ్లయింది అత్తయ్యా?”

“పెళ్లినాడు నీ ముఖం మసగ్గానైనా కనిపించింది. ఇప్పుడు నీ నవ్వే గుర్తు. అబ్బాయితో అనకే, బెంగపడిపోతాడు.”

కోడలు కళ్లు తుడుచుకుంది.

“మేస్త్రీ, ఆ వరస వీధి గుమ్మం దాకా వెయ్యి,” అంది. అని, అత్తగారికి వినపడాలని, ఏడుస్తూనే గట్టిగా నవ్వింది.