పెళ్లి పత్రం మీద ముద్ర

దొంగ కాగితాలు అసలువాటికంటే నిఖార్సుగా పుట్టుకొస్తుంటే విదేశాలు కాగితాన్ని నమ్మడమే మానేశాయి. సంతకం పెట్టిన అధికారి స్వయంగా యంత్రం ముందు కూర్చుని, ఆ మనుషులు తనకు గుర్తున్నారని చెబితేనే ముద్ర పడేది.

గల్ఫ్‌లో చనిపోయిన భర్త రాజలింగం శవం ఇంటికి రావాలంటే భూలక్ష్మి పెళ్లి పత్రానికి ఆ ముద్ర కావాలి. నెలరోజులు వెతికి, రిటైరైన రిజిస్ట్రారు సుదర్శనం సారును జగిత్యాల ఆఫీసుకు తీసుకొచ్చింది.

"సంతకం నాదే బిడ్డా. నువ్వే యాదికొస్తలేవు," అన్నాడాయన.

"యాదున్నదని చెప్పుండ్రి సారూ, మీ కాల్మొక్త."

"అబద్ధమాడితే మిషన్ పట్టేస్తది తల్లీ."

యంత్రం పత్రాన్ని తిరస్కరించింది. భూలక్ష్మి ఆయన్ని ఆటో ఎక్కించి, గల్ఫ్ మార్చురీకి ఫోన్ చేసి, రాజలింగాన్ని అక్కడే మట్టి చేయమంది.

"మీరు ఆయనకేమవుతారు?" అని అడిగారు.

భార్యనంటే మళ్లీ కాగితం అడుగుతారు.

"ఎరికున్నదాన్ని," అంది.